అడగకుండా రాసిన జవాబు

నేను మోటారు బీమాలో పనిచేసి రిటైరయ్యానని తెలిసినవాళ్లు ఇప్పటికీ ఒకటే ప్రశ్న అడుగుతారు. "కారుకు చిన్న దెబ్బ తగిలింది సార్, క్లెయిమ్ పెట్టమంటారా? పెడితే వచ్చే ఏడు ప్రీమియం పెరుగుతుందంట కదా?" పెరుగుతుంది. ఆ లెక్క నాకంటే బాగా తెలిసినవాడు ఆదోనిలో ఒకప్పుడు ఎవడూ లేడు. అయినా జవాబు చెప్పేముందు, "దెబ్బ కారుకేనా, మనిషికి కూడా తగిలిందా?" అని అడుగుతాను. వాళ్లు నవ్వుతారు, ముసలాయనకు చాదస్తం అనుకుంటారు. ఈ చాదస్తం నాకు ఎక్కడ పట్టుకుందో ఇవాళ రాస్తాను. కొత్తగా ఉద్యోగాల్లో చేరే పిల్లలు చదివితే మంచిది. చదవకపోయినా నేను రాయక తప్పదు.

ఆదోని బళ్లారి జిల్లాలోంచి కర్నూలు జిల్లాలోకి వచ్చిన కొత్తరోజులు. నాకు ఇరవై ఆరేళ్లు. మా కంపెనీ ఆఫీసు ఒక పత్తికొట్టు మీద మేడగదిలో ఉండేది. కింద పత్తి బేళ్లు ఎక్కించేటప్పుడు పైన మా కుర్చీలు అదిరేవి. సీజనులో సాయంత్రమయ్యేసరికి ఫైళ్ల మీద తెల్లటి నూగు పేరుకునేది. ఆ గదిలో మేనేజరు, నేను, ఒక టైపు మిషను, అంతే. ఆదోని, ఎమ్మిగనూరు రెండు ఊళ్ల షావుకార్ల కార్లూ లారీలూ నా చేతిలో ఉండేవి. నాకున్నది మాత్రం సైకిలు. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు.

అప్పటి పద్ధతి ఇప్పటికీ పెద్దగా మారలేదు. ఏడాది పొడుగునా ప్రమాదం లేకుండా బండి నడిస్తే మరుసటి ఏడు ప్రీమియంలో కొంత తగ్గిస్తారు. వరుసగా రెండో ఏడు, మూడో ఏడు కూడా అలాగే గడిస్తే తగ్గింపు ఇంకా పెరుగుతుంది. ఒక్కసారి క్లెయిమ్ పెడితే అదంతా పోయి మళ్లీ మొదటికి వస్తుంది. బండి ఎక్కువసార్లు గుద్దుకుంటే ప్రీమియం మీద అదనపు వడ్డన కూడా ఉంటుంది. పత్తి బేరంలో వేలకు వేలు పోయినా చలించని షావుకార్లు ఈ తగ్గింపు పోతే మాత్రం అన్నం మానేసేవారు. అది వాళ్లకు డబ్బు కాదు, పరువు. మార్కెట్టు యార్డులో కూర్చుని "మాది మూడేండ్ల బండి" అని చెప్పుకునేవారు. మూడేండ్ల బండి అంటే మూడేళ్లుగా మచ్చలేని బండి అని అర్థం.

ఆ పరువును చూసి నేనొక ఉపాయం పన్నాను. షావుకార్ల దగ్గరికి పోయి, "తగ్గింపు వచ్చిన ఏడు అందులో సగం దీపావళికి మీ డ్రైవరు చేతిలో పెట్టండి. ఇంక వాడు బండిని కంటికి రెప్పలా చూసుకుంటాడు" అన్నాను. వాళ్లకు నచ్చింది. డ్రైవర్లకు అంతకంటే నచ్చింది. ఏడాది తిరిగేసరికి నా పాలసీల్లో క్లెయిములు సగానికి సగం పడిపోయాయి. మేనేజరు పైవాళ్లకు నా సంగతి రాశాడు. ప్రమాదాలు తగ్గాయనే నేనూ నమ్మాను. డ్రైవర్లు జాగ్రత్తగా తోలడం నేర్చుకున్నారో, జరిగింది దాచడం నేర్చుకున్నారో చూడాలన్న ఆలోచన నాకు రాలేదు.

ఇంకొక అలవాటు కూడా చెప్పాలి. రెన్యువలుకు ముందు యజమాని చేత ఒక ఫారం నింపించాలి. అందులో ఒక ప్రశ్న, "గడిచిన కాలంలో ఈ వాహనానికి ఏమైనా ప్రమాదాలు జరిగాయా?" అని. ఫారం ఇంగ్లీషులో ఉండేది. షావుకార్లు సంతకం మాత్రం చేసేవారు. మొదట్లో ప్రశ్నలన్నీ చదివి వినిపించి రాసేవాణ్ణి. రానురాను అందరూ చెప్పే జవాబు ఒకటే అయినప్పుడు అడగడం ఎందుకనిపించింది. ఆదివారం పొద్దున ఇంట్లో చాప మీద కూర్చుని, ఆ నెలకు రావలసిన ఫారాలన్నీ ముందేసుకుని, ఆ ప్రశ్నకు ఎదురుగా వరసగా "నిల్", అంటే ఏమీ లేవని, రాసుకుంటూ పోయేవాణ్ణి. నా చేతిరాత ముచ్చటగా ఉండేది. 'ఎన్' అక్షరానికి చిన్న వంపు పెట్టేవాణ్ణి.

దసరా మరునాడు పొద్దున, నేను పళ్లు తోముకుంటుంటే మా ఇంటిముందు ఒక కారు ఆగింది. ఆదోనిలో పెద్ద పత్తి షావుకారు కారది, మూడేండ్ల బండి కావడానికి ఇంకా పదిహేను రోజులుంది. ముందు దీపం పగిలి ఉంది. డ్రైవరు దిగి వచ్చాడు. నా ఈడువాడే, నిదానస్తుడు.

"అన్నా, పని సెడింది. షావుకారి సుట్టాల్ని ఎమ్మిగనూర్లో దింపి ఒక్కణ్ణే వస్తాంటి. రెండు మైళ్లుందనగా కన్ను మూతపడింది. మనిషికి తగిలింది."

"యాడుండాడు ఆ మనిషి?"

"ఎనక సీట్లో."

పోయి చూశాను. నలభై ఏళ్ల రైతు. నుదుటి మీద, గుడ్డల మీద పసుపు. దేవరగట్టు ఉత్సవానికి పోయి తిరిగి ఎమ్మిగనూరు వైపు తన ఊరికి నడిచి పోతున్నాడట. పక్కన సీటు మీద అతని వెదురు కట్టె ఉంది. మోకాలి కింద తువ్వాలు చుట్టి ఉంది, తువ్వాలు తడిసిపోయి ఉంది. నన్ను చూసి, నొప్పిలోనూ, లేచి కూర్చోబోయాడు.

"సామీ, దప్పికగా ఉండాది" అన్నాడు.

లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చాను. అతను దోసిలి పట్టాడు. పోశాను. రెండు చెంబులు తాగాడు. తాగి, "ఎద్దులకి గాళ్లు వచ్చి గిట్టలు పుండ్లయింటే మొక్కుకున్యా సామీ. నయమైనాయి. మొక్కు తీర్సుకుని వస్తాంటి" అన్నాడు. ఎవరూ అడగకుండానే చెప్పాడు. కారుకు అడ్డం వచ్చినందుకు తనే సంజాయిషీ ఇచ్చుకుంటున్నట్టు ఉంది ఆ గొంతు.

డ్రైవరు నన్ను గుమ్మం దగ్గరికి పిలిచాడు. "ఆస్పత్రికి తీసుకపోదామా అన్నా?"

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. అతను నన్ను అడిగాడు. తనకు తానుగా ఏమీ చేయలేదు. ఆస్పత్రి మా వీధి నుంచి అరమైలు. నేను అవునని ఉంటే అయిదు నిమిషాల్లో అక్కడ ఉండేవాళ్లు.

నేను ఆలోచించింది ఇది. ఆస్పత్రికి పోతే డాక్టరు పోలీసులకు రాస్తాడు. పోలీసు కాగితం వస్తే షావుకారికి తెలుస్తుంది, కంపెనీకి తెలుస్తుంది. మూడో ఏటి తగ్గింపు పోతుంది. డ్రైవరు దీపావళి ఇనాము పోతుంది, బహుశా కొలువు కూడా పోతుంది. నా చేతి కింద క్లెయిములు తగ్గాయన్న పేరు మీదనే నా ఉద్యోగం ఖాయం కావలసి ఉంది. ఆ రైతు కాలు గురించి కూడా ఆలోచించాను, లేదనను. కానీ అది అన్నిటికంటే చివర వచ్చింది.

"దెబ్బ పెద్దదేమీ కాదులే. ఎమ్మిగనూరు దారిలో ఎముకలకు నాటుకట్టు కట్టే ఆయన ఉండాడు గదా, ఆడికి తీసుకపో. గట్టు నుంచి వచ్చేటోళ్లు ఈ వారమంతా ఆయన దగ్గరికే పోతారు. ఎవురూ అడగరు" అన్నాను.

మా ప్రాంతం వాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు. దేవరగట్టు మీద దసరాకు కర్రలతో కొట్టుకుంటారు. తలలు పగులుతాయి, చేతులు విరుగుతాయి. పసుపు అద్దుకుని ఇళ్లకు పోతారు. ఎవరి మీదా ఎవరూ ఫిర్యాదు చేయరు, అది దేవుడి దెబ్బ. ఆ వారంలో ఏ మనిషి కుంటుతూ కనిపించినా ఎలా తగిలిందని అడిగేవాడుండడు. ఒంటినిండా పసుపుతో ఉన్న ఆ రైతును చూడగానే నాకు ఆ సంగతి తోచింది. తోచినందుకు ఆ క్షణంలో సంతోషం కూడా కలిగింది.

కారులోంచి రైతు, "సర్కారు దవాఖానా వద్దు సామీ, ఆడ కాలు తీసేస్తారంట" అన్నాడు. ఆ మాటను నేను తర్వాత ఎన్ని ఏళ్లు అడ్డం పెట్టుకున్నానో చెప్పలేను. తనే కదా వద్దన్నాడు అని. అతను భయపడి అన్నాడు. నేను భయపడనవసరం లేని చోట నిలబడి విన్నాను.

డ్రైవరు అతన్ని అక్కడ దింపి, జేబులో ఉన్నదంతా ఇచ్చి వచ్చాడు. దీపం మార్పించాడు. షావుకారికి ఏమీ తెలియలేదు. పది రోజుల తర్వాత నేను ఫారం తీసుకుని పోతే ఆయన తాంబూలం వేసుకుంటూ సంతకం చేశాడు. "నిల్" అప్పటికే రాసి ఉంది. దసరాకు ముందటి ఆదివారమే చాప మీద కూర్చుని రాశాను. కొట్టేయవలసిన ఆ ఒక్క మాటను నేను కొట్టేయలేదు. ఆయనను ప్రశ్న అడగలేదు. అడిగి ఉంటే ఆయన ఏమీ లేదనే చెప్పేవాడు, పాపం, ఆయనకు తెలిసింది అంతే.

దీపావళికి డ్రైవరుకు సగం డబ్బు అందింది. దాన్ని అతను ఖర్చు పెట్టుకోలేదని నాకు చాలాకాలం తర్వాత తెలిసింది.

సంక్రాంతి దాటాక ఒకరోజు డ్రైవరు ఆఫీసు మెట్ల కింద నా కోసం కాచుకుని ఉన్నాడు. "అన్నా, ఆ మనిషి కాలు నల్లబడిందంట. బళ్లారి పెద్దాసుపత్రిలో మోకాలి దాకా తీసేసినారంట" అన్నాడు. విరిగిన ఎముక పైన, మాసిన పుండు పైన వెదురు బద్దలు బిగించి కట్టారు. రక్తం ఆడలేదు. కట్టు కట్టినాయన తనకు తెలిసిన పని చేశాడు. ఆయన దగ్గరికి పంపినవాణ్ణి నేను.

ఆ రైతు ఊరుకోలేదు, అంటే అతని బావమరిది ఊరుకోనివ్వలేదు. ఎమ్మిగనూరులో మగ్గం నేసే ఆ మనిషికి కోపం ఎక్కువ, కారు నంబరు గుర్తుపెట్టుకున్నవాళ్లను వెతికి పట్టుకున్నాడు. ఆదోని కోర్టులో షావుకారి మీద, మా కంపెనీ మీద దావా పడింది. రైతుకు నాలుగెకరాల నల్లరేగడి. ఒంటికాలితో విత్తడానికి గొర్రు తోలలేడు, కలుపు తీయడానికి గుంటక తోలలేడు. దావా గెలిస్తే మిగిలిన బతుకంతా కూలివాళ్లను పెట్టుకునైనా సేద్యం చేసుకోవచ్చు. ఓడితే ఎద్దులు అమ్మాలి. ఇంతకు మించి ఆ కాగితాల్లో ఏమీ లేదు.

షావుకారు మండిపడ్డాడు. తన బండి ఎవరినీ తాకలేదని దేవుడి పటం మీద ప్రమాణం చేస్తానన్నాడు. చేసి ఉంటే, ఆయనకు తెలిసినంతలో అది అబద్ధం కాదు కూడా. డ్రైవరును అడిగితే తల అడ్డంగా ఊపాడు. మా ప్లీడరు ఫైలు తిరగేసి, ఫారం బయటికి తీసి, ఎంతో సంబరపడ్డాడు. ప్రమాదం జరిగిందంటున్న రోజు తర్వాత తారీకుతో సంతకం, పైన స్పష్టంగా "నిల్". ఆస్పత్రి కాగితం లేదు, పోలీసు కాగితం లేదు. మనిషి దేవరగట్టు నుంచి వస్తున్నానని తనే ఒప్పుకున్నాడు. ఇంకేం కావాలి?

సాక్ష్యానికి ముందురోజు మేనేజరు నన్ను కూర్చోబెట్టాడు. చెడ్డవాడు కాదు, భయస్తుడు. "జీవిత బీమా సర్కారు తీసేసుకుంది. రేపు మన సంగతి ఏమవుతుందో తెలియదు. నీ ఖాయం కాగితం నా టేబులు మీదే ఉంది. వాళ్లు అడిగినదానికి మాత్రం జవాబు చెప్పు, అడగనిది చెప్పకు" అన్నాడు. ఆ పొద్దున ఏం జరిగిందో ఆయనకు తెలియదు. తెలుసుకోవడం ఇష్టం లేనట్టు నాకు అనిపించింది.

కోర్టులో ఎండ కిటికీలోంచి నేరుగా బోను మీద పడుతోంది. నేను ఎక్కాను. ఎదురుగా, బెంచీ చివర, ఆ రైతు. లుంగీ మడిచి కూర్చున్నాడు. దసరానాటి ఆ వెదురు కట్టెనే ఇప్పుడు ఊతకర్రగా పట్టుకున్నాడు. నన్ను చూడగానే అతని ముఖం విప్పారింది. తెలిసినవాడు వచ్చాడు, ఇంక తన మాట నిలబడుతుంది అనుకున్నాడు. అతను అలా అనుకున్నాడని నాకు ఇప్పటికీ ఏ సందేహమూ లేదు.

మా ప్లీడరు ఫారం చూపించి, "ఈ రాత మీదేనా?" అన్నాడు. నాదేనన్నాను.

రైతు తరఫు వకీలు కుర్రవాడు, కోర్టుకు కొత్త. లేచి, "యజమానిని అడిగే రాశారా ఈ జవాబు?" అన్నాడు.

"అడిగే రాశాను."

"అక్కడ కూర్చున్న మనిషిని మీరు ఎప్పుడైనా చూశారా?"

నేను ఆ కుర్రవాడి కోటు గుండీని చూస్తూ, "లేదండి, చూడలేదు" అన్నాను.

బెంచీ మీద కట్టె చప్పుడైంది. రైతు లేవబోతున్నాడు. "అదేంది సామీ! మీ ఇంటిముందర దోసిట్లో నీళ్లు పోసినారు గదా. రెండు చెంబులు పోసినారు గదా!" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. నేను మరిచిపోయానేమోనని గుర్తుచేస్తున్నాడు. జడ్జిగారు కూర్చోమన్నారు. బావమరిది భుజం పట్టి కూర్చోబెట్టాడు.

ఇంకెవరూ నన్ను ఏమీ అడగలేదు. బోను దిగాను.

దావా కొట్టేశారు. ఆ రోజు సాయంత్రం వరండాలో రైతు నాకు ఎదురుపడ్డాడు. తప్పించుకోవడానికి చోటు లేదు. బావమరిది తిట్టడం మొదలుపెట్టాడు, అతను చేయి ఎత్తి ఆపాడు. నాతో నెమ్మదిగా అన్నాడు:

"అడిగే రాసినానంటిరి గదా సామీ. ఎవుర్ని అడిగినారు? షావుకార్ని అడిగింటారు. నన్ను ఒక్క మాట అడిగింటే నేను సెప్పేటోణ్ణి గదా."

అతను కట్టె ఊనుకుంటూ మెట్లు దిగాడు. ఒక్కొక్క మెట్టు దగ్గరా ఆగి, ఆ కట్టెను కింది మెట్టు మీద పెట్టి, సరిగ్గా ఆనిందో లేదో చూసుకుని, అప్పుడు దిగాడు. ఎనిమిది మెట్లు.

కోర్టు గేటు బయట డ్రైవరు ఉన్నాడు. "నీ నోరు సూస్తా కూసున్యా అన్నా. నువ్వు ఒప్పుకుంటే నేనూ లేసి ఒప్పుకుందామనుకున్యా. నువ్వు లేదంటివి. ఇంగ నాకు కాళ్లు రాలేదు" అన్నాడు. అదే వారం షావుకారి దగ్గర మానేసి లారీ ఎక్కాడు. దీపావళి ఇనాము డబ్బు ఆ రైతు భార్య చేతిలో పెట్టాడనీ, ఏటా దసరా మరునాడు ఆ ఊరు పోయి వచ్చేవాడనీ తర్వాత విన్నాను. ఎద్దులను మాత్రం ఆ ఎండాకాలమే ఎమ్మిగనూరు సంతలో అమ్మారు. ఏ ఎద్దుల కోసం అతను దేవరగట్టుకు నడిచిపోయి మొక్కు తీర్చుకున్నాడో ఆ ఎద్దులే.

నా ఉద్యోగం ఖాయమైంది. డ్రైవర్లకు సగం ఇచ్చే నా పద్ధతిని కంపెనీ పక్క జిల్లాల్లో కూడా పెట్టించింది. మెచ్చుకుంటూ నాకొక ఉత్తరం వచ్చింది. ఆ ఉత్తరం ఎక్కడో ఉంది, వెతకలేదు. ఒకసారి సైకిలు మీద అతని ఊరిదాకా పోయాను. పొలిమేరలో జొన్నచేల పక్కన దిగి, చాలాసేపు నిలబడి, తిరిగి వచ్చేశాను. ఏమని చెప్పాలో తెలియలేదని రాస్తే అది కూడా అబద్ధమే అవుతుంది. ఏం చెప్పాలో తెలుసు. చెప్పే ధైర్యం లేదు.

తర్వాత ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఒక్క ఫారం కూడా ఇంటి దగ్గర నింపలేదు. ప్రతి మనిషికీ ప్రశ్న చదివి వినిపించి, జవాబు విని, అప్పుడు రాశాను. నా కింద పనిచేసినవాళ్లు విసుక్కునేవారు. అది నా ప్రాయశ్చిత్తం అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. దానివల్ల ఆ రైతుకు ఒరిగిందేమీ లేదు.

రిటైరయ్యాక ఒక పాత కారు కొన్నాను. బీమా చేయించడానికి ఒక కుర్రవాడు వచ్చాడు. చురుకైనవాడు, నా సంగతి విని వచ్చాడు, పెద్దవాళ్లంటే గౌరవం. ఫారం నా ముందు పెట్టి, "మీకు శ్రమ లేకుండా అన్నీ ఇంటి దగ్గరే నింపేసి తెచ్చాను సార్. సంతకం ఒక్కటే" అన్నాడు.

చూశాను. ఆ ప్రశ్న ఇంకా అక్కడే ఉంది. ఎదురుగా "నిల్" అని రాసి ఉంది.

"బాబూ, ఈ ప్రశ్న నన్ను ఒకసారి అడుగు" అన్నాను.

"ఎందుకు సార్? మీరు కారు కొన్నదే మొన్న కదా."

"అడుగు నాయనా."

అతను నా ముఖం చూసి, ఏమనుకున్నాడో, ఫారం చేతిలోకి తీసుకుని ఆ ప్రశ్న చదివాడు. "గడిచిన కాలంలో ఏమైనా ప్రమాదాలు జరిగాయా?"

"జరిగింది" అన్నాను. "దసరా మరునాడు పొద్దున. ఆదోనికి రెండు మైళ్లు. అతనికి దప్పికైతే నీళ్లు పోశాను."

కుర్రవాడు పెన్ను మూత తీశాడు, ఏం రాయాలో తెలియక నా వైపు చూశాడు.